ఈ కాలం సూపర్‌హీరో కామిక్స్‌లో బొమ్మ బాగుందో లేదో మీరు ఎలా తేల్చుకుంటారు?

నల్లసిరా:

చాలా కాలంగా అడగాలనుకుంటున్న సంగతి ఇది. ఈ మధ్య వస్తున్న సూపర్‌హీరో కామిక్స్‌లో ఏ బొమ్మకి ఆ బొమ్మ విడిగా చూస్తే కళ్ళు తిప్పుకోలేం. కండరాలు, కవచం మీద అతుకులు, వెనక మేడల్లో ఒక్కో కిటికీ, దాని మీద మెరుపు, పొగ, నిప్పురవ్వలు, అన్నీ ఉంటాయి. తీరా పేజీ మొత్తం చదివాక ఎవరు ఎటునుంచి వచ్చారు, ఆ దెబ్బ ఎవరికి తగిలింది అన్నది తెలియక మళ్ళీ పైకి వెళ్ళి వెతుక్కోవాల్సి వస్తోంది. ప్రతి ప్యానెలూ, అంటే పేజీలో ఒక్కో బొమ్మ గడీ, పోస్టర్‌లా నిలబడి మనల్ని చూస్తూ ఉంటుంది, పక్క ప్యానెల్‌తో దానికి సంబంధం ఉండదు.

గీయడం వచ్చినవాళ్ళు పెరిగారు, గీసి కథ చెప్పడం వచ్చినవాళ్ళు తగ్గారు అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోవచ్చు, అందుకే అడుగుతున్నాను. కామిక్ చేతిలోకి తీసుకున్నప్పుడు దేన్ని పట్టుకుని బాగుంది, బాలేదు అంటారు? అనాటమీయా, గీతా, రంగా, పేజీ అమరికా? ఫలానా ఆర్టిస్ట్ దేవుడు అని వదిలేయకుండా ఏ కామిక్, ఏ సంచిక, అందులో ఏం జరిగింది అన్నది చెప్పండి, అప్పుడే మాట్లాడుకోవడానికి ఏదైనా ఉంటుంది.

పాతసంచిక:

నా కొలత ఒక్కటే. మాటల బుడగలు చదవకుండా పేజీలు తిప్పినా కథ తెలియాలి. మాటలు పూర్తిగా తెలియక్కర్లేదు, ఎవరికి ఏం కావాలి, ఏం అడ్డొచ్చింది, గెలిచాడా ఓడాడా, ఇంత తెలిస్తే చాలు.

మీరు సంచిక చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా. అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 33, 1966 ఫిబ్రవరి తేదీతో వచ్చింది, స్టీవ్ డిట్కో గీసింది. పెద్ద ఇనుప యంత్రం కింద ఇరుక్కుపోయాడు కుర్రాడు, పైనుంచి నీళ్ళు కారుతున్నాయి, కాస్త దూరంలో మే అత్తకి కావాల్సిన మందు ఉంది, చెయ్యి అందదు. మొదట ఇరుకు ఇరుకు ప్యానెళ్ళు. వాడు కొద్దికొద్దిగా లేస్తున్నకొద్దీ ప్యానెల్ కూడా పెద్దదవుతూ వస్తుంది, యంత్రం పూర్తిగా పైకి లేచేసరికి పేజీ అంతా ఒకే బొమ్మ. అక్కడ బరువు మోసేది ఆ ప్యానెళ్ళ కొలతలే. అనాటమీ లెక్కలు తీస్తే ఇప్పటి ఆర్టిస్టుల పక్కన డిట్కో నిలబడకపోవచ్చు, ఆ వేళ్ళు చూడండి ఎంత వింతగా వంగి ఉంటాయో. అయినా అరవయ్యేళ్ళ నాటి ఆ పేజీ చూస్తుంటే ఇప్పటికీ నా భుజాలు బిగుసుకుంటాయి.

కాబట్టి నల్లసిరా గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నా. ఈ కాలం వాళ్ళకి చెయ్యి తిరిగింది, పేజీ తెలియదు.

విదిత:

ఇద్దరూ "ఈ కాలం" అని అందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఏ ఈ కాలం అండీ? 2012లో మొదలైన, బాణాలు వేసే హీరో హాకై కామిక్ చదివారా? డేవిడ్ అహా బొమ్మలు, మ్యాట్ హాలింగ్స్‌వర్త్ రంగులు. 11వ సంచిక మొత్తం ఒక కుక్క వైపు నుంచి నడుస్తుంది. కుక్కకి మనుషుల మాటలు ఒకటీ అరా తప్ప అర్థం కావు కాబట్టి బుడగల్లో అక్షరాలు గీకేసినట్టు ఉంటాయి, ఎవరి దగ్గర ఏ వాసన వస్తోంది అన్నది చిన్న చిన్న గుర్తులతో మ్యాప్‌లా చూపిస్తాడు. పాతసంచిక గారూ, మీ కొలత ప్రకారం మాటలు లేకుండా కథ తెలియాలి కదా, ఇక్కడ మాటలు దాదాపు లేవు, హత్య ఎలా జరిగింది, ఎవరి మీద అనుమానం అన్నదంతా తెలుస్తుంది. 2014లో ఆ సంచికకి కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు కూడా వచ్చింది.

ఇంకా దగ్గరికి రండి. 2025లో మొదలైన ఆబ్సొల్యూట్ మార్షన్ మ్యాన్‌హంటర్, హవియెర్ రొడ్రీగెజ్ గీసి తనే రంగులు కూడా వేసుకున్నాడు. మనుషుల ఆలోచనలు వాళ్ళ తలల్లోంచి రంగు పొగలా బయటికి వస్తాయి, హీరో ఆ రంగుల వెంట వెళ్ళి నేరం కనిపెడతాడు. రంగు తీసేసి నలుపు తెలుపులో అచ్చు వేస్తే ఆ కథ చదవలేం. ఇలాంటిది 1966లో ఆ కాగితం మీద సాధ్యమేనా? మీరు కోప్పడేది ఏడాదికి వందల్లో వచ్చే మామూలు సంచికల మీద. అరవైల్లో వచ్చిన మామూలు సంచికల్ని ఇప్పుడు ఎవరూ తీసి చదవడం లేదు, అందుకే ఆ కాలం అంతా డిట్కోలే ఉన్నట్టు అనిపిస్తుంది.

కలర్‌ప్లేట్:

నేను రంగులు వేసే పని చేస్తాను, పెద్ద కంపెనీలకి కాదు, సొంతంగా కామిక్స్ తెచ్చుకునేవాళ్ళకి. ఈ మాట ఎక్కడ చర్చ జరిగినా చెప్పాల్సి వస్తోంది. నల్లసిరా గారు చెప్పిన మెరుపు, పొగ, నిప్పురవ్వలు చాలావరకు పెన్సిల్ పట్టినవాడు గీసినవి కావు. ఆ తిట్లు తినాల్సింది, మెప్పు వస్తే అది దక్కాల్సింది కలరిస్ట్‌కి.

పాత పద్ధతిలో నీలం, ఎరుపు, పసుపు ఒక్కోటి 25, 50, 100 శాతం, లేదా అసలు లేకుండా. అలా కలిపితే మొత్తం 64 రంగులు, అంతకు మించి లేవు. కాగితం ముతక న్యూస్‌ప్రింట్, సిరా పీల్చేసుకునేది. అందుకని ఆర్టిస్టే నలుపుతో వెలుగునీడలు తేల్చేసేవాడు, రంగు దాని మీద పల్చగా కూర్చునేది. కంప్యూటర్ వచ్చాక ఇదంతా మారింది. స్టీవ్ ఒలిఫ్ బృందం 1988లో జపాన్ కామిక్ అకిరా అమెరికన్ ప్రచురణకి కంప్యూటర్‌తో రంగులు వేసినప్పుడు అది కొత్త వింత, పదేళ్ళు తిరిగేసరికి అందరూ అదే దారి. ఇప్పుడు ముందు ఒకరు ఫ్లాట్స్ వేస్తారు, అంటే ఏ భాగం ఏదో విడగొట్టి చదునైన రంగు నింపడం, తర్వాత కలరిస్ట్ దాని మీద నీడలు, మెరుపులు, మంట వెలుగు అన్నీ పెడతాడు. అక్కడే తప్పులు జరుగుతాయి. ఇంకర్, అంటే పెన్సిల్ గీతల మీద సిరా వేసేవాడు, అప్పటికే నలుపుతో చెక్కిన ముఖం మీద కలరిస్ట్ మళ్ళీ ఇంకో వెలుగు ఇంకో దిక్కునుంచి పెడితే ముఖం ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది.

నమ్మకం కుదరకపోతే బ్యాట్‌మ్యాన్, జోకర్‌ల కథ ద కిల్లింగ్ జోక్ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. గీత ఒకటే, బ్రయన్ బోలాండ్‌ది. 1988లో జాన్ హిగ్గిన్స్ రంగులు వేశాడు, నారింజ, ఊదా, పసుపు, కళ్ళలో పొడిచినట్టు ఉంటాయి. 2008లో బోలాండ్ స్వయంగా మళ్ళీ వేశాడు, చల్లగా, బూడిద రంగులో, గతం చూపించే చోట్ల రంగంతా తీసేసి ఏదో ఒక్క వస్తువుని మాత్రం ఎర్రగా ఉంచాడు. రెండూ చదివితే రెండు వేరు కథలు చదివినట్టే ఉంటుంది. గీసినవాడు తనే వేసుకున్నాడు కాబట్టి కొత్తదే సరైనది అని చాలామంది అంటారు. నాకు హిగ్గిన్స్ రంగులే ఇష్టం, పిచ్చివాడి జాతరలో చల్లటి బూడిద రంగు ఎందుకుంటుంది?

నల్లసిరా:

కలర్‌ప్లేట్ గారూ, ఈ ఫ్లాట్స్ సంగతి ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు, థాంక్స్. కిల్లింగ్ జోక్ విషయంలో మాత్రం నేను బోలాండ్ పక్షం. ఆ రంగుల గోలలో అతని గీతలోని సన్నదనం కనపడదు, 2008 దాంట్లో జోకర్ ముఖంలో ఒక్కో ముడతా చదవొచ్చు.

విదిత గారూ, హాకై మీద నాకు ఏ పేచీ లేదు. కానీ అది నెలనెలా అమ్ముడయ్యే పెద్ద పుస్తకాల తీరుకి పక్కన నిలబడిన పుస్తకం. 2011లో సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్ కామిక్స్ వేసే డీసీ కంపెనీ 52 పుస్తకాలు ఒక్కసారిగా కొత్తగా మొదలుపెట్టినప్పుడు గుర్తుందా? సూపర్‌మ్యాన్‌కి ఎత్తు కాలర్ వచ్చింది, ఎర్ర నిక్కరు పోయింది, ఒళ్ళంతా కవచం అతుకులు వచ్చాయి. అందరి బట్టల మీదా అవే గీతలు. సినిమాలో బట్ట నిజంగా ఉండాలి కాబట్టి అతుకులు కావాలి, కాగితం మీద ఎందుకు? ఆ గీతలన్నీ ప్రతి ప్యానెల్‌లో మళ్ళీ గీయాలి, ఆ టైమ్ ముఖాల మీద పెట్టొచ్చు కదా. ఎర్ర నిక్కరు మళ్ళీ రావడానికి 2018లో యాక్షన్ కామిక్స్ 1000వ సంచిక దాకా ఆగాల్సి వచ్చింది.

మాధవ్90:

వచ్చేశారు, పాతవి బంగారం కొత్తవి ఇత్తడి అనేవాళ్ళు. నేను తొంభైల బొమ్మలు చూసి కామిక్స్‌లోకి వచ్చినవాణ్ణి, వాటిని ఎవరూ మర్యాదగా మాట్లాడరు, కాబట్టి నేను మాట్లాడతాను.

టాడ్ మెక్‌ఫర్లేన్ అనే ఆర్టిస్ట్ స్పైడర్‌మ్యాన్ గీసేవరకు సాలెగూడు దారం అంటే అడ్డంగా నిలువుగా గళ్ళ గీతలు. ఆయన వచ్చి దాన్ని మెలికలు తిరిగిన తాడులా చేశాడు, స్పైడర్‌మ్యాన్‌ని మనిషి కాదు సాలీడే అన్నట్టు వంచాడు, కళ్ళు పెద్దవి చేశాడు. ఈ రోజు మీరు చూసే స్పైడర్‌మ్యాన్‌లో సగం ఆయనదే. జిమ్ లీ గీసి స్కాట్ విలియమ్స్ ఇంకు వేసిన 1991 ఎక్స్‌మెన్ 1 ఎనభై లక్షలకు పైగా కాపీలు పోయింది, కవర్లు నాలుగూ పక్కపక్కన పెడితే ఒకే పెద్ద బొమ్మ అవుతుంది. కవర్ల కోసం కొన్నవాళ్ళు ఉన్నారు, నిజమే. అయినా లోపల ఉన్న ఆ ఊపు లేకపోతే ముప్పై ఏళ్ళుగా అందరూ అతన్ని ఎందుకు అనుకరిస్తున్నారు? 1992లో వీళ్ళంతా కలిసి ఇమేజ్ అనే సొంత కంపెనీ పెట్టుకుని తమ పాత్రలు తమవే అన్నారు, దాని వల్ల ఆ తర్వాత వచ్చిన ఆర్టిస్టులందరికీ మేలు జరిగింది.

పాదాలు గీయరు, నడుము కొలతలు తప్పు, నేపథ్యం ఉండదు అని ఇమేజ్ పెట్టినవాళ్ళలో ఒకడైన రాబ్ లీఫెల్డ్ మీద తరతరాలుగా ఒకటే పాట. కానీ పన్నెండేళ్ళ పిల్లాడు ఆ పేజీ చూసి లేచి నిలబడతాడు. బొమ్మ పని అది కాదా? పాతసంచిక గారి భుజాలు బిగుసుకుంటే కళ, మా ఒళ్ళు గగుర్పొడిస్తే చౌకబారు, ఇదేం లెక్క?

పాతసంచిక:

మాధవ్ గారూ, నేను చౌకబారు అనలేదు, ఆ మాట మీరు నా నోట్లో పెట్టారు. జిమ్ లీ బొమ్మలో కట్టుదిట్టం ఉంది, అది ఎవరూ కాదనలేరు. నా పేచీ ఆ ఊపు దేనికి వాడారన్న దాని మీద. గుండె అదిరే పోజు ఒకటి వస్తే దాని ముందు పేజీ దాన్ని మోసుకొచ్చి ఉండాలి. డిట్కో పేజీ మొత్తం బొమ్మకి ముందు ఇరుకు ప్యానెళ్ళు పెట్టాడు కాబట్టి అది అదిరింది. ప్రతి పేజీలోనూ నలుగురు పళ్ళు బిగించి మన వైపు దూకుతుంటే నాలుగో పేజీకి నాకేమీ అనిపించదు. 1986లో వచ్చిన డార్క్ నైట్ రిటర్న్స్ చూడండి, ఫ్రాంక్ మిల్లర్ ఒక్కో పేజీని పదహారు గళ్ళు చేసి అందులో టీవీ వార్తలు కూరి కూరి, తర్వాత పేజీ తిప్పగానే మొత్తం ఒక్క బొమ్మ వదులుతాడు. ఎంత పిండితే అంత పేలుతుంది.

అనుకరించడం గురించి కూడా అడిగారు. అనుకరించినవాళ్ళు పోజు తీసుకున్నారు, దాని కింద ఉన్న డ్రాయింగ్ తీసుకోలేదు. ఈ రోజు నల్లసిరా గారు అడుగుతున్న ఇబ్బందికి మొదలు అక్కడే.

చిత్రలేఖ:

ఇంతసేపు మాట్లాడారు, ఆడవాళ్ళ బొమ్మలు ఎవరికీ గుర్తు రాలేదు. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను, నా కొలత కూడా అదే. ఒక పుస్తకం తెరిచి, అందులో మగ హీరో ఎలా నిలబడ్డాడు, ఆడ హీరో ఎలా నిలబడింది అని చూస్తాను. ముందు భాగం, వెనక భాగం రెండూ ఒకే ప్యానెల్‌లో కనపడేలా నడుము పిండేసినట్టు తిప్పి గీసే పోజు మీ అందరికీ తెలుసు. వెన్నెముక ఉన్న ఏ మనిషీ అలా నిలబడలేడు. అనాటమీ బాగా వచ్చిన ఆర్టిస్టులే అలా గీస్తారు, చేతకాక కాదు, అది వాళ్ళు ఎంచుకున్నది. 2012 చివర్లో కొందరు ఆ పోజులన్నిటిలో హాకైని పెట్టి గీసి పెట్టారు, అదే బాణాలు వేసే మగాణ్ణి. చూసినవాళ్ళకి ఒక్క నిమిషంలో విషయం అర్థమైంది, అంతకుముందు ఏళ్ళ తరబడి రాసిన వ్యాసాల వల్ల కాని పని.

ఇది మర్యాద గురించి మాత్రమే కాదు, బొమ్మ గురించి కూడా. గోడ దూకబోతున్న మనిషి బరువు ఏ కాలు మీద ఉంది, చూపు ఎటుంది అన్నది పోజులోనే తెలియాలి. పోజు చదివేవాడి కోసం పెడితే ఆ పాత్ర ఏం చేయబోతోందో తెలియదు, కథ అక్కడ ఆగిపోతుంది.

ఈ విషయంలో మాత్రం ఈ కాలమే మేలు. 2014లో బ్యాట్‌గర్ల్ గీయడానికి ఆర్టిస్ట్ బాబ్స్ టార్ వచ్చినప్పుడు తోలు జాకెట్టు, గుండీలతో పెట్టుకునే కేప్, పసుపు బూట్లు. ఆ బట్టలు ఆ వయసు అమ్మాయి తనే కొని కుట్టుకుని ఉంటుంది అనిపిస్తుంది, నిజంగానే చదివినవాళ్ళు ఇంట్లో కుట్టుకుని వేసుకున్నారు. అదే ఏడాది మిజ్ మార్వెల్, ఏడ్రియన్ అల్ఫోనా బొమ్మలు, ఇయన్ హెరింగ్ రంగులు. అందులో హీరో కమలా సన్నగా, మోచేతులు బయటికి, చేతులు అంతలేసి. వెనక ప్రతి బోర్డు మీదా ప్రతి డబ్బా మీదా ఏదో చిన్న తమాషా రాసి ఉంటుంది. ఆ అమ్మాయి ఎవరో మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

రెండోముద్ర:

చిత్రలేఖ గారు పోజు గురించి చెప్పింది చదువుతుంటే ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్ గుర్తొచ్చింది, 2005 నుంచి 2008 దాకా వచ్చిన పన్నెండు సంచికలు. ఫ్రాంక్ క్వైట్‌లీ అందులో క్లార్క్ కెంట్‌ని, సూపర్‌మ్యాన్‌ని ఒకే ముఖంతో గీస్తాడు. కళ్ళజోడు ఒక్కటే తేడా అని అందరూ వెక్కిరించే సంగతి కదా ఇది. కానీ క్లార్క్ భుజాలు ముందుకి వాలి, పొట్ట కొంచెం బయటికి, వదులు కోటు, నడిస్తే ఏదో ఒకటి తగిలి పడేస్తూ ఉంటాడు. సూపర్‌మ్యాన్ ఊపిరి నిండుగా తీసుకుని ఏ టెన్షన్ లేకుండా నిలబడతాడు. చదివినవాడు ఒప్పుకుంటాడు, అవును, వీళ్ళిద్దరూ ఒకడే అని ఎవరికీ తట్టదు అని. సూపర్‌మ్యాన్ పుట్టుక కథ మొదటి సంచికలో నాలుగు ప్యానెళ్ళలో, ప్యానెల్‌కి రెండు మాటల చొప్పున అయిపోతుంది. జేమీ గ్రాంట్ రంగులు అచ్చంగా కంప్యూటర్ రంగులే, మెరుపులు కూడా ఉన్నాయి, అయినా ఎక్కడా ప్లాస్టిక్ అనిపించదు.

ఇంకో మాట, నిజంలా ఉండటం గురించి. అలెక్స్ రాస్ 1994లో మార్వెల్స్, 1996లో కింగ్‌డమ్ కమ్ పెయింట్ చేసినప్పుడు మనుషుల్ని మోడళ్ళుగా నిలబెట్టి ఫొటోలు తీసుకుని వాటిని చూసి వేశాడు. కొంతమంది దాన్నే తప్పంటారు. మార్వెల్స్‌లో కథ చెప్పేది ఒక ఫొటోగ్రాఫర్, నేల మీద నిలబడి తలెత్తి చూసే మామూలు మనిషి. ఆ కథకి ఆ నిజం కావాలి. గాల్లో ఎగిరేవాళ్ళు నిజంగా మన వీధి మీదుగా పోతే ఎంత భయం వేస్తుందో అన్నదే అక్కడ విషయం. అదే పద్ధతిని నలభై మంది తన్నుకునే కథకి వాడితే మనుషులు బిగుసుకుపోయి నిలబడతారు. ఇప్పుడు ఫొటో మీద, కంప్యూటర్ 3డీ మోడళ్ళ మీద ఆధారపడి గీసే కామిక్స్‌లో నాకు కనిపించే లోపం ఇదే. వెనక మేడ కొలతపట్టీ పెట్టినట్టు ఉంటుంది, ముందు మనిషి చేత్తో గీసినట్టు ఉంటాడు, ఇద్దరూ ఒకే గాలి పీల్చరు. ఫొటో చూసి గీయడంలో తప్పులేదు, చూసిన ఫొటో పేజీలో కనపడితే తప్పు.

లెటర్‌బాక్స్:

అక్షరాల గురించి ఒక్కరూ అనలేదు, కాబట్టి క్లుప్తంగా. బుడగ ఎక్కడ పెట్టారో అటే మన కన్ను వెళ్తుంది. మంచి ఆర్టిస్ట్ గీసేటప్పుడే బుడగకి చోటు వదులుతాడు. 1983లో మొదలైన వాల్ట్ సైమన్సన్ థార్ చూడండి, జాన్ వర్క్‌మన్ అక్షరాలు. దెబ్బల, పిడుగుల శబ్దాలు రాసిన అక్షరాలు మేడలంత ఎత్తున పేజీలో భాగంగా నిలబడతాయి. తర్వాత కంప్యూటర్ ఫాంట్లు వచ్చి పని వేగం పెరిగింది, కానీ చాలా పుస్తకాల్లో శబ్దం బొమ్మ మీద స్టిక్కర్‌లా అంటించినట్టు ఉంటుంది. డేనియల్ వారెన్ జాన్సన్ లాంటివాళ్ళు మళ్ళీ శబ్దాన్ని బొమ్మలో కలిపి గీస్తున్నారు, వండర్ వుమన్ డెడ్ ఎర్త్ తెరిస్తే దెబ్బ వినపడుతుంది.

రెండో సంగతి గడువు. నెలకి ఇరవై పేజీలు. రోజుకో పేజీ గీయగలిగితేనే ఆ నెల గట్టెక్కుతుంది, జబ్బు చేసినా, ఇంట్లో ఏదైనా జరిగినా సంచిక ఆగదు. అందుకే మధ్యలో ఇంకో ఆర్టిస్ట్ వచ్చి నాలుగు పేజీలు గీస్తాడు, మీరు "బొమ్మలు పడిపోయాయి" అంటారు. అహా హాకై మొత్తం గీయలేదు, మధ్యలో వేరేవాళ్ళూ గీశారు, చివర్లో సంచికలు ఆలస్యంగానూ వచ్చాయి. ఆ నాణ్యతకి ఖరీదు అది. నిలువునా వివరాలతో నింపిన బొమ్మ, నెలనెలా ఇరవై పేజీలు, ఈ రెండూ ఒకే మనిషి దగ్గర అడగడం న్యాయం కాదు.

మాధవ్90:

లెటర్‌బాక్స్ గారు గడువు గురించి చెప్పింది నిజం. కానీ అరవైల నాటి ఆర్టిస్ట్ జాక్ కిర్బీ అదే గడువులో ఫెంటాస్టిక్ ఫోర్ వరసగా 102 సంచికలు గీశాడు, పక్కన వేరే పుస్తకాలు కూడా. ఎలా? ప్రతి కిటికీ గీయలేదు. నేపథ్యంలో నల్లటి చుక్కల గుంపులు పెట్టి అది విశ్వశక్తి అన్నాడు, మనం నమ్మేశాం. జో సిన్నాట్ వచ్చి నిగనిగలాడే ఇంకు వేశాక ఆ ఇనుప యంత్రాలు ఇంకా బాగున్నాయి. తక్కువ గీతలతో ఎక్కువ బలం అంటే అది. మా తొంభైల వాళ్ళు కిర్బీ దగ్గరే నేర్చుకున్నారు, ఎరిక్ లార్సెన్ సావేజ్ డ్రాగన్ చూడండి. పాత, కొత్త అని మీరు గీసిన గీత ఆర్టిస్టుల మధ్య లేదు.

కొత్తపాఠకుడు:

అందరికీ నమస్తే. నేను సినిమాలు చూసి ఈమధ్యే చదవడం మొదలుపెట్టాను, అది కూడా ఫోన్‌లో, ఒక్కో ప్యానెల్ పెద్దదై వచ్చే పద్ధతిలో. మీరు పేజీ పేజీ అంటున్నారు, నాకు పేజీ అసలు కనపడటమే లేదు. నల్లసిరా గారు చెప్పిన అయోమయం నాకు రాలేదు, ఎందుకంటే ఒకటి తర్వాత ఒకటి వస్తుంది. నేను ఏదైనా పోగొట్టుకుంటున్నానా? ఏది బాగుందో నాకు ఎలా తెలుస్తుంది?

విదిత:

పోగొట్టుకుంటున్నారు, చాలా. 2012 మొదట్లో వచ్చిన బ్యాట్‌మ్యాన్ 5వ సంచిక తీసుకోండి, గ్రెగ్ కపూలో గీసింది. గుడ్లగూబల సభ వాళ్ళు బ్యాట్‌మ్యాన్‌ని చిక్కుదారుల గుహలో పడేస్తారు. అతని బుర్ర తిరుగుతున్నకొద్దీ పేజీలు పక్కకి తిరుగుతాయి, తర్వాత తలకిందులవుతాయి, పుస్తకం చేత్తో తిప్పుకుంటూ చదవాలి. చదివేవాడికి కూడా దిక్కు తెలియకుండా పోవాలన్నదే ఉద్దేశం. ఫోన్ ఒక్కో ప్యానెల్ నిటారుగా నిలబెట్టి చూపిస్తే ఆ పనంతా వృథా. 2009లో డిటెక్టివ్ కామిక్స్‌లో వచ్చిన బ్యాట్‌వుమన్ కథలు కూడా అంతే, జే హెచ్ విలియమ్స్ రెండు పేజీలు కలిపి ఒకే ఆకారంగా కట్టాడు, గబ్బిలం రెక్కల ఆకారంలోనే ప్యానెళ్ళు అమర్చాడు. ముక్కలు చేస్తే ఏమీ మిగలదు.

ఒక్కటి చేయండి. ముందు పేజీ మొత్తం ఒకసారి చూసి, ఎక్కడ పెద్దది, ఎక్కడ చిన్నది, నలుపు ఎక్కడ చేరింది గమనించి, తర్వాత ప్యానెళ్ళలోకి వెళ్ళండి. ట్యాబ్ ఉంటే అడ్డంగా పట్టుకోండి.

నల్లసిరా:

విదిత గారు చెప్పిన బ్యాట్‌మ్యాన్ 5 నాకూ ఇష్టం, అక్కడ అయోమయం కావాలని పెట్టింది, దానికి కారణం కథలో ఉంది. నేను తప్పు పట్టేది కారణం లేని అయోమయాన్ని.

లెటర్‌బాక్స్, మాధవ్ చెప్పినవి కలిపి చూస్తే నాకు ఇంకో ప్రశ్న వస్తోంది. తొమ్మిది గళ్ళ పేజీ. వాచ్‌మెన్‌లో డేవ్ గిబ్బన్స్ వాడాడు, 5వ సంచికలో మొదటి పేజీకి చివరి పేజీ అద్దంలో ప్రతిబింబంలా సరిపోయేలా అమర్చాడు. 2017లో మిస్టర్ మిరకిల్‌లో మిచ్ గెరాడ్స్ కూడా దాదాపు మొత్తం తొమ్మిది గళ్ళలోనే నడిపాడు, మధ్యలో టీవీ సిగ్నల్ చెదిరినట్టు బొమ్మ చెదురుతుంది, ఉన్నట్టుండి ఒక గడి మొత్తం నల్లగా వస్తుంది. భార్యాభర్తలు యుద్ధం చేస్తూ ఇంట్లో గదులు ఎలా మార్చాలో మాట్లాడుకుంటూ పోయే ఆ సన్నివేశం, గళ్ళు కదలవు, మనుషులు కదులుతారు. ఇంత పాత పద్ధతి ఇంత కొత్తగా ఎలా ఉంది? నాకు తెలిసినంతలో ఈ పదేళ్ళలో ముఖాల నటన ఇంత బాగా ఉన్న సూపర్‌హీరో పుస్తకం ఇంకోటి లేదు.

కలర్‌ప్లేట్:

గెరాడ్స్ తనే గీసి, తనే ఇంకు వేసి, తనే రంగు వేసుకున్నాడు. రొడ్రీగెజ్ కూడా గీసి తనే రంగు వేసుకున్నాడు. ఈ చర్చలో అందరూ మెచ్చుకున్న వాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూడండి. నీడ ఎక్కడ నలుపుతో వేయాలి, ఎక్కడ రంగుకి వదలాలి అన్నది ఒకే బుర్రలో తేలుతుంది. వేరు వేరు మనుషులైతే మాట్లాడుకోవాలి, గడువులో ఆ తీరిక దొరకదు. దొరికితే ఫలితం వేరు, డార్విన్ కుక్ న్యూ ఫ్రాంటియర్‌కి డేవ్ స్టీవర్ట్ వేసిన రంగులు చూడండి, చదునుగా, గీతకి ఎక్కడా అడ్డురాకుండా. కవర్ మీద కలరిస్ట్ పేరు చదివే అలవాటు చేసుకోమని నేను అందరికీ చెప్తాను. ఆ పేరు చూసి పుస్తకం కొనుక్కున్నా నష్టపోరు.

చిత్రలేఖ:

కొత్తపాఠకుడు గారూ, ఏది బాగుందో ఎలా తెలుస్తుంది అని అడిగారు కదా, ముందు మీకు ఏది నచ్చిందో దాంతోనే మొదలుపెట్టండి, ఇక్కడ ఎవరు ఏమన్నా పట్టించుకోకండి. నచ్చిన పేజీ దగ్గర ఆగి ఎందుకు నచ్చిందో రెండు మాటల్లో చెప్పుకోండి. తర్వాత అదే పాత్రని ఇంకొకరు గీసింది తెచ్చుకోండి. ఆబ్సొల్యూట్ బ్యాట్‌మ్యాన్‌లో నిక్ డ్రగొట్టా గీసిన గోడంత వెడల్పు బ్యాట్‌మ్యాన్, మజుకెల్లి 1987 ఇయర్ వన్‌లో గీసిన మామూలు మనిషి లాంటి బ్యాట్‌మ్యాన్, రెండూ పక్కన పెట్టండి. ఒకడు తలుపు బద్దలు కొట్టుకుని వస్తాడు, ఇంకొకడు మెట్ల మీద జారిపడతాడేమో అని భయం వేస్తుంది. ఏ కథకి ఎవరు కావాలో మీకే తెలుస్తుంది.

పాతసంచిక:

లెటర్‌బాక్స్ గారు చెప్పారని డెడ్ ఎర్త్ చదివాను. గీత గరుకుగా ఉంది, నాకు అది నచ్చింది. వండర్ వుమన్‌కి బరువుంది, మచ్చలున్నాయి, దెబ్బ కొడితే నేల కదులుతుంది. మైక్ స్పైసర్ రంగులు వెనక్కి తగ్గి గీతని ముందుకి రానిచ్చాయి. కొన్ని చోట్ల ఇంకు మరీ ఎక్కువై రాక్షసుల గుంపులో ఒకరి నుంచి ఒకరు విడిపోలేదు, అక్కడ రంగుతో విడగొట్టి ఉండాల్సింది. అయినా ఇది పేజీ తెలిసిన మనిషి పని, ఒప్పుకుని తీరాలి.

మాధవ్ గారూ, ఇప్పుడు మీ వంతు. స్పైడర్‌మ్యాన్ 33 చదవండి. దొరికితే పాత ముతక కాగితం మీద అచ్చైనదే చూడండి, మెరిసే తెల్ల కాగితం మీద అవే రంగులు మరీ కొట్టొచ్చినట్టు ఉంటాయి. చదివాక లార్సెన్ సంచికల్లో ఏది దాని పక్కన పెట్టాలో మీరే చెప్పండి, అది నేను చదువుతాను.